చదివింపులు రద్దు

రాజమండ్రి,
18 సెప్టెంబరు 1978

చి. రాజీకి,

ఆశీస్సులు చివర్లో ఉంటాయి. ముందు తప్పులు చూద్దాం.

నువ్వు రాసినట్టు మన నాటకాల తెరల దుకాణంలో జైలు తెర లేదు. కారాగారం తెర ఉంది. రెండూ ఒకటే కదా అనకు. జైలు మన దుకాణానికి కూతవేటు దూరంలోనే ఉంది, దాని గోడ ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. మన తెర వేసిన చిత్రకారుడు మాత్రం జైలు చూడలేదు. చూసొచ్చి వేస్తానన్నాడట. మొదటి బేరానికి జైలుకి వెళ్ళడమేంటని మీ తాతగారు వెళ్ళనివ్వలేదు. అందుకని ఆయన తోచినట్టు వేశాడు. పాలరాతి నేల, నాలుగు ఊచలు, ఊచల వెనక తోట, తోటలో పురి విప్పిన నెమలి. నలభై ఏళ్ళుగా ఈ రెండు జిల్లాల్లో ఏ రాజుని చెరలో వేసినా ఆ నెమలి ఎదురుగానే వేశారు. ఏ రాజూ ఫిర్యాదు చెయ్యలేదు. నువ్వు నెమలి మీద నల్లరంగు పూయమంటున్నావు. పూయను. కావాలంటే గుడ్డ కప్పుకో.

రెండోది. "మామ్మా, ఈ వయసులో, ఆ మోకాళ్ళతో నీకెందుకు శ్రమ, తెరలు అమ్మిరాజుతో పంపితే చాలు" అన్నావు. మోకాళ్ళ నొప్పులు తెరలు మోసే అమ్మిరాజుకి. నాకు లేవు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. నువ్వు పంపిన ఉత్సవం కరపత్రంలో అడుగున "వేదికపై చదివింపులు రద్దు" అని అచ్చేశారు. చూసి మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుని చదివాను. అలాగే ఉంది. పద్యం నచ్చినవాడు రూపాయో రెండో ఇస్తాడు. వాడి పేరు, ఊరు, ఎవరి పేరు మీద ఇచ్చాడో మైకులో చదువుతారు. నటుడు నమస్కారం పెడతాడు. ఇందులో ఎవరి హక్కు పోయిందో నాకు తెలియలేదు. నాటకం చూడ్డానికి వచ్చినవాళ్ళలో సగం మంది తమ పేరు వినడానికే వస్తారు. మిగతా సగం పక్కింటివాడి పేరు వినడానికి వస్తారు.

తెరలు మూడు ఊళ్ళకీ ఇస్తాను. అద్దె వద్దు. వద్దన్నానని ఎక్కడా చదవకు.

ఆశీస్సులు.
జగదాంబ

*

కాకినాడ,
2 అక్టోబరు 1978

మామ్మా,

నెమలికి గుడ్డ కప్పుతాం. చదివింపుల సంగతి మాత్రం నేను మార్చను. ఎందుకో చెప్తాను, కోప్పడకుండా విను.

ముప్ఫై ఏళ్ళ కిందట డిసెంబరు పదిన దేశాలన్నీ ఒక చోట కూర్చుని, పుట్టిన ప్రతి మనిషికీ హక్కులున్నాయని ఒప్పుకున్నాయి. అది గుర్తు చెయ్యడానికే ఈ ఉత్సవం. ఎనిమిదిన తణుకు, తొమ్మిదిన రాజమండ్రి, పదిన ఇక్కడ. మూడు చోట్లా బుర్రకథ, బొమ్మల ప్రదర్శన, మధ్యలో పిల్లల నృత్యం పెట్టి పల్లంరాజు గారి నాటకం. శత్రువు చెరలో పడిన రాజు కథ. సామాన్యుడి కథ వెయ్యమని కమిటీ అడిగితే, సామాన్యుడి కిరీటం తన దగ్గర లేదన్నాడాయన. సరే, రాజైనా మనిషే కదా అని ఒప్పుకున్నాం. స్టేజి మేనేజరుని నేను. డబ్బు ఇచ్చినవాడి పేరు చదివి, ఇవ్వలేనివాడి పేరు వదిలేసే ఆచారం అలాంటి వేదిక మీద ఎలా ఉంచను?

అసలు నేను ఇందులో ఎందుకు దిగానో నీకు చెప్పలేదు. మా వీధికి పెద్దింట్లమ్మ అని ఒకావిడ చేపలు తెస్తుంది. జాలరిపేట మనిషి. ఆమె కొడుకు లోవరాజు హార్బరులో చేపల వేలం దగ్గర దళారితో గొడవపడ్డాడు. ఆషాఢంలో ఒక పొద్దున పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. మళ్ళీ ఇంటికి రాలేదు. స్టేషన్‌కి వెళ్తే, "అలాంటివాణ్ణి మేం తీసుకురాలేదు" అంటున్నారు. మా కమిటీ అధ్యక్షులు జోగేశ్వరరావు గారు ప్లీడరు. ఆయన హైకోర్టుకి వెళ్దామనే అంటున్నారు. కానీ వాళ్ళు తీసుకెళ్ళారనడానికి చూసినవాళ్ళెవరూ నోరు విప్పడం లేదు, పోలీసులేమో అసలు తేలేదంటున్నారు, ఇక కోర్టు ఎవరిని అడగాలి అంటారు.

పెద్దింట్లమ్మ ఉపన్యాసం ఇవ్వనంది. "వోడి పేరు ఓ పాలి మైకులో సెప్పనివ్వండమ్మా. మేం తేలేదన్నోళ్ళు ఇంటారు" అంది. కాకినాడ వేదిక మీద ఐదు నిమిషాలు ఇస్తానని మాటిచ్చాను.

రాజీ

*

రాజమండ్రి,
20 అక్టోబరు 1978

చి. రాజీకి,

పల్లంరాజు నిన్న దుకాణానికి వచ్చాడు. కిరీటం సరిచేయించుకోవడానికని చెప్పాడు. కిరీటం బాగానే ఉంది. కుర్చీలో చాలాసేపు దాన్ని తిప్పుతూ కూర్చున్నాడు.

"చదివింపుల్లేవంటండి?" అన్నాడు చివరికి.

"లేవు."

"మరి పద్యం బాగుందో లేదో నాకెలా తెలుస్తుందండి?"

"చప్పట్లు కొడతారుగా."

"చప్పట్లు దోమలకి కూడా కొడతారండి."

నీ సమానత్వం సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఆ అమ్మాయి గారు చిన్నప్పుడు మా నాటకానికి వచ్చి, బొమ్మ పేరు మీద పావలా చదివించిందండి. గుర్తుందో లేదో" అన్నాడు. గుర్తుందా? నాకు గుర్తుంది. ఆ పావలా నాదే.

మీ తాతగారు నాటక సమాజం నడిపిన రోజుల్లో ఇంకో పద్ధతి ఉండేది. ఎవరి పేరు మీద చదివించారో ఆ మనిషికి మర్నాడు పొద్దున సమాజం తరఫున తాంబూలం వెళ్ళేది. పేరు వాడుకున్నాం కాబట్టి మర్యాద చెయ్యాలి అనేవారాయన. ఒకసారి ఎవరో కాశీలో ఉన్న అన్నగారి పేరు మీద చదివిస్తే తాంబూలం ఆ ఇంటి గుమ్మానికే కట్టి వచ్చాం. ఆయన వచ్చేసరికి ఆకులు ఎండి గలగలలాడుతున్నాయి. అయినా పుచ్చుకున్నాడు.

పెద్దింట్లమ్మ విషయం. నాకు ఆమె మీద అనుమానం లేదు. నీ మీద ఉంది. మాటివ్వడం నీ చేతిలో ఉంది, మైకు నీ చేతిలో ఉంటుందో లేదో చూసుకున్నావా? వద్దనేవాడు వచ్చినప్పుడు ఏం చేస్తావో ఇప్పుడే ఆలోచించి పెట్టుకో. అప్పుడు ఆలోచించినవాళ్ళు ఏడుస్తారు, నాకు ఏడుపు చూడాలని లేదు.

ఆశీస్సులు.
జగదాంబ

*

కాకినాడ,
25 నవంబరు 1978

మామ్మా,

క్లుప్తంగా రాస్తున్నాను.

మా కాలేజీలో అర్ధ సంవత్సర పరీక్షలు పెట్టారు. పదో తేదీ ఆదివారం కాబట్టి కాకినాడ నేను చూసుకుంటాను. ఎనిమిది, తొమ్మిది తేదీలకి ప్రిన్సిపాల్ సెలవు ఇవ్వనన్నారు. తణుకు, రాజమండ్రి నువ్వు చూడాలి. నీ మోకాళ్ళ గురించి రాసినది వెనక్కి తీసుకుంటున్నాను.

ముఖ్య అతిథి ఖరారయ్యారు. హైకోర్టులో జడ్జీగా చేసి రిటైరైన పెద్దాయన. చెవులు బొత్తిగా వినపడవు, ఏదైనా అరిచి చెప్పాలి. మూడో రోజు కాకినాడకే వస్తారు.

పోలీసుల దగ్గర్నుంచి మైకు పర్మిషన్ వచ్చింది. కాగితంలో రాసిన ఐటాలు తప్ప ఇంకేదీ వేదిక మీద జరగకూడదు. ఐటం ఐటానికీ టిక్కు పెట్టుకోవడానికి ఒక కానిస్టేబులు కూర్చుంటాడు. మేమిచ్చిన ఐటాల్లో పెద్దింట్లమ్మ పేరు ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. జోగేశ్వరరావు గారితో వాదించాను. "ఆ ఒక్క ఐటం కోసం ఉత్సవమే ఆగిపోతే ఎవరి హక్కు నిలబడుతుందమ్మా" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. భయపడుతున్నారు. నేనూ భయపడుతున్నాను.

ఆమె నిన్న చేపలు తెచ్చింది. ఆ రోజు కట్టుకోవడానికి కోడలి చీర ఉతికించి పెట్టుకున్నానని చెప్పింది. నేను ఇంకా చెప్పలేదు.

రాజీ

*

రాజమండ్రి,
10 డిసెంబరు 1978, పొద్దున

చి. రాజీకి,

తెరలతో పాటు ఈ ఉత్తరం అమ్మిరాజుకిచ్చి లారీలో పంపుతున్నాను. లారీ రాగానే చదువు. కాఫీ తర్వాత తాగొచ్చు.

తణుకులో నీ ఆజ్ఞ అమలు చేశాను. చదివింపులు రద్దు అని అట్ట మీద రాయించి స్తంభానికి కట్టించాను. పల్లంరాజు రెండో పద్యం ఎత్తుకోగానే ఒక చెరకు రైతు స్టేజి ఎక్కి నోటు తీసి రాజుగారి గుండెకి పిన్నీసుతో గుచ్చాడు. మైకు వైపు తిరిగి, "చదవండి" అన్నాడు.

"రద్దయిందండి" అన్నాను.

"ఎవరు రద్దు చేశారండి?"

"మా మనవరాలు."

"మానవ హక్కులంటూ డప్పేసి పిలిచారు. నా పేరు చదివించుకునే హక్కు నాకు లేకపోతే ఇంక మీ దగ్గర ఏ హక్కు దొరుకుద్దండి?" అని, మైకు లాక్కుని తన పేరు తనే చదువుకున్నాడు. తర్వాత తండ్రి పేరు, మామగారి పేరు, వాళ్ళ ఊరు, ఆ ఊరికి దారి. అది చూసి ఇంకొకడు ఎక్కాడు. పిల్లల నృత్యం ఎగిరిపోయింది. కాళ్ళకి గజ్జెలు కట్టుకున్న పిల్లలు తెర పక్కనే నిద్రపోయారు.

నిన్న ఇక్కడ నీ ఆజ్ఞ నేను రద్దు చేశాను. ఒక్కొక్కరి పేరు ఒక్క ముక్కలో చదివేశాను. అంతా సజావుగా జరిగింది. పిల్లలు కూడా ఆడారు.

నిన్న ఒకటి గమనించాను. మీ కాగితం పట్టుకుని ఒక కానిస్టేబులు ఇక్కడా కూర్చున్నాడు. బుర్రకథకి టిక్కు పెట్టాడు. నృత్యానికి టిక్కు పెట్టాడు. చదివింపు వచ్చినప్పుడల్లా పెన్సిలు చెవిలో పెట్టుకుని ఊరుకున్నాడు. దగ్గరికి పిలిచి, "ఇది రాసుకోవా నాయనా?" అని అడిగాను. "చదివింపు ఐటం కాదు కదండి. అది నాటకంలోదే" అన్నాడు. ఈ జిల్లాలో పుట్టినవాడెవడికీ చదివింపుకి పర్మిషన్ అడగాలని తోచదు. ఇవ్వకూడదనీ తోచదు. తోచింది నీకొక్కదానికే.

ఎవరి పేరు మీద చదివించాలన్నది చదివించేవాళ్ళ ఇష్టం. నిన్న ఒకాయన తన ఎద్దు పేరు మీద చదివించాడు. ఎద్దు సుగుణాలు కూడా చదవమన్నాడు. చదివాను. కానిస్టేబులు నవ్వాడు.

పెద్దింట్లమ్మ దగ్గర ఒక రూపాయి ఉంటుందా? లేకపోతే నువ్వు ఇవ్వకు. ఆమెదే అయివుండాలి.

రద్దన్నది నువ్వు కాబట్టి వెనక్కి తీసుకోవలసింది కూడా నువ్వే. దానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు. కొంచెం సిగ్గు విడిస్తే చాలు.

ఇంకొకటి. చదివింపుల మైకు హార్మోనియం పక్కన, స్టేజి కింద పెట్టు. జడ్జీగారి కుర్చీ ఆ మైకుకి ఆనించి వెయ్యి. చెవులు వినపడని పెద్దమనిషిని దూరంగా కూర్చోబెట్టడం మర్యాద కాదు.

ఆశీస్సులు ఇప్పుడే, ముందుగానే.
జగదాంబ

*

కాకినాడ,
14 డిసెంబరు 1978

మామ్మా,

చదివింపులు రద్దు చెయ్యడం రద్దు అని నేనే మైకులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. నిజంగానే దోమలకి కొట్టినట్టున్నాయి, కానీ కొట్టారు.

గ్రౌండు నిండిపోయింది. జాలరిపేట వాళ్ళు స్టేజికి ఎడమ పక్కన నేల మీద కూర్చున్నారు. పల్లంరాజు గారు మొదటి పద్యానికే వన్స్‌మోర్ కొట్టించుకున్నారు. అందరికన్నా గట్టిగా కొట్టింది ఎవరనుకున్నావు? ముందు వరసలో కూర్చున్న సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారు. ఆయనకి పద్యాలంటే ప్రాణమట. లేచి వచ్చి చదివింపు ఇచ్చి, వాళ్ళ అమ్మాయి పేరు మీద చదవమన్నారు. చదివాను. నాలుగు వైపులా తిరిగి దండం పెట్టి కూర్చున్నారు.

ఆ తర్వాత పెద్దింట్లమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోతే తోసేసింది. నేను చదివింది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "జాలరిపేట కాపురస్తురాలు పెద్దింట్లమ్మ గారు, ఆషాఢ మాసంలో పోలీసు వారు తీసుకెళ్ళిన నాటి నుంచి ఇల్లు చేరని తన కొడుకు లోవరాజు గారి పేరు మీద, ఒక రూపాయి."

ఆమె నా మోచెయ్యి పట్టుకుని, "మా వోడికి గారా అమ్మా?" అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పల్లంరాజు గారు సంకెళ్ళతోనే స్టేజి అంచుకి వచ్చి, వంగి, రూపాయి అందుకుని కళ్ళకద్దుకున్నారు. "బాబు పేరేంటన్నారండి?" అన్నారు. మళ్ళీ చదివాను. అప్పుడు చేపలమ్మే ఆడవాళ్ళు లేచారు. వరసకట్టారు. పావలా, అర్ధ, ఎవరికి ఉన్నది వాళ్ళు. ఎవరి పేరు మీదమ్మా అంటే అందరిదీ ఒకటే జవాబు. లోవరాజు గారు. లోవరాజు గారు. లోవరాజు గారు. నేను చదువుతూనే ఉన్నాను. కానిస్టేబులు పెన్సిలు చెవిలో పెట్టుకుని ఇన్‌స్పెక్టర్ గారి వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ గారు నేల వైపు చూశారు. ఆపమనడానికి ఆయనకి నోరు లేదు. ఆయన కూతురి పేరు ఇదే మైకులో ఇప్పుడే చదివాం కదా.

జడ్జీగారికి పేరు మాత్రం చెవిన పడింది. అన్నిసార్లు చదివితే ఎవరికైనా పడుతుంది. "ఎవరయ్యా ఈ లోవరాజు? అందరూ అతని పేరు మీదే ఇస్తున్నారు. అతనేడీ?" అన్నారు. ఎదురుగా మైకు ఉందిగా, గ్రౌండంతా వినపడింది.

ఇన్‌స్పెక్టర్ గారు లేచి వచ్చి ఆయన చెవి దగ్గర వంగారు. "తర్వాత మనవి చేసుకుంటానండి."

"ఆఁ?"

"తర్వాత చెప్తానండి."

"పెద్దగా చెప్పవయ్యా, నాకు వినపడదు."

ఇన్‌స్పెక్టర్ గారు చెమట తుడుచుకుని, గొంతు పెంచి, "ఆ సాయంత్రమే వదిలేశామండి" అన్నారు.

రెండు లౌడుస్పీకర్లలోంచీ వచ్చింది మామ్మా. హార్మోనియం ఆగిపోయింది. జడ్జీగారు ఈసారి మాత్రం మళ్ళీ చెప్పమనలేదు. "వదిలేశారా. అయితే తీసుకెళ్ళారన్నమాట" అన్నారు.

జోగేశ్వరరావు గారు అప్పటిదాకా తెర వెనక నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. ఆ మాట వినగానే ఆహ్వానపత్రం వెనక రాసుకోవడం మొదలుపెట్టారు. ఏం చెయ్యాలో తోచక పల్లంరాజు గారు పద్యం మళ్ళీ ఎత్తుకున్నారు. అప్పుడే సముద్రపు గాలికి నల్లగుడ్డ ఎగిరిపడి నెమలి బయటపడింది. ఎవరూ నవ్వలేదు.

నిన్న ప్లీడరు గారు హైకోర్టు పని మీద హైదరాబాదు బయల్దేరారు. సాక్ష్యం చెప్పడానికి జడ్జీగారే సిద్ధపడ్డారు. మైకు ఎందుకు ఆపలేదని కమిటీ సంజాయిషీ అడిగింది. ఆపడం మరిచిపోయానని రాసిచ్చాను.

నాటకం అయ్యాక పెద్దింట్లమ్మ, "ఆ అయ్య మళ్ళీ మాట మారిస్తేనో?" అంది. ఇంతమంది విన్నాక మార్చలేడన్నాను. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "వదిలేత్తే ఇంటికి రావాల కదమ్మా" అంది.

దానికి ఏం చెప్పను మామ్మా?

రాజీ

*

రాజమండ్రి,
19 డిసెంబరు 1978

చి. రాజీకి,

మైకు ఆపడం మరిచిపోయానని రాసిచ్చావు. మరిచిపోలేదు. మూడేళ్ళప్పుడు దుకాణంలో దీపం ఆర్పకుండా పడుకున్నావని మీ తాతగారు కేకలేసిన రోజు నుంచీ నువ్వు ఏదీ ఆపడం మరిచిపోలేదు. కమిటీకి ఆ కాగితం అలాగే ఉంచు. నాకు మాత్రం అలాంటివి రాయకు.

ఇన్‌స్పెక్టర్ గారి గురించి ఒక్క మాట. పద్యం మీద ప్రేమ ఉన్నవాడు కాబట్టి ముందు వరసలో కూర్చున్నాడు. లేకపోతే మనకి చిక్కేవాడు కాదు. కళల వల్ల మనిషి బాగుపడతాడని మీ కరపత్రంలో రాశారు. బాగుపడ్డాడో లేదో నాకు తెలియదు. దొరికాడు.

పెద్దింట్లమ్మ అడిగిన మాట. తీసుకురాలేదు అన్నంత కాలం అడగడానికే వీల్లేని ప్రశ్న అది. ఇప్పుడు అడగొచ్చు. అడగవలసింది నిన్నూ నన్నూ కాదు, వదిలేశామన్నవాళ్ళని. ప్లీడరు గారు అక్కడ భయపడకుండా ఉంటే చాలు. భయపడితే నాకు ఉత్తరం రాయమను. నేను సమాధానం రాస్తానంటే ఆయన భయపడడం మానేస్తాడు.

పల్లంరాజు వచ్చాడు. ఆ రూపాయి ఖర్చుపెట్టలేకపోతున్నానన్నాడు. కిరీటం లోపల అట్టకీ గుడ్డకీ మధ్య పెట్టి కుట్టించుకున్నాడు. బరువుందా అంటే, ఉందండి అన్నాడు.

ఇక పని. కారాగారం తెర తాడు తెగే స్థితిలో ఉందని అమ్మిరాజు అంటున్నాడు. జాలరిపేటలో వలలకి వాడే గట్టి తాడు అమ్ముతారు, తెరకి సరిపడా కొను. ఆ పని మీద ఎలాగూ అటు వెళ్తావు కాబట్టి, ముందు బజారులో ఆగి లేత తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు తీసుకో. వక్కలు పుచ్చు లేకుండా చూసుకో. పెద్దింట్లమ్మ ఇంటికి వెళ్ళి, ఇది మీ అబ్బాయి లోవరాజు గారికి సమాజం ఇచ్చే తాంబూలం అని చెప్పు. ఆమె చేతికి ఇవ్వకు. ఆమెది కాదు. గుమ్మానికి కట్టు, వచ్చినవాడికి ఎదురుగా కనపడేలా.

ఆకులు ఎండిపోతాయని నాకు రాయకు. ఎండిపోతే మళ్ళీ కొని కట్టు.

ఆశీస్సులు.
జగదాంబ